నార కాయితం మీద ప్లాస్టిక్ కవరు

ఇప్పటికి గూడ ఎవలన్న కొత్త సామాను కొని, దాని ప్లాస్టిక్ కవరు తియ్యకుండ వాడుకుంటుంటే నాకు ఒళ్లు మండుతది. చుట్టాలింటికి పోయి సోఫా మీద కూసుంటే కింద కవరు కరకరమంటది, నేను లేచి నిలబడత. ఈమెకేందో తిక్క అనుకుంటరు. అనుకోనీ.

తెలంగాణ రాకముందు ముచ్చట ఇది. ఉప్పల్ల మెట్రో పనులు ఇంకా మొదలు కాలే. నేను రామంతాపూర్ నుంచి షేర్ ఆటోల నాచారం పోయి, ఇత్తడి వాల్వులు తయారుచేసే ఫ్యాక్టరీల పని చేస్తుంటి. చెకింగ్ బల్ల కాడ మొదలై ప్యాకింగ్‌లకు వచ్చిన. సరుకంత ఓడల మీద బయటి దేశాలకు పోతది. దాన్ని థర్మకోల్ల ఇరికించుడు, బుడగల కవరు సుట్టుడు, ప్లాస్టిక్ టేపు కొట్టుడు, ఇదే పొద్దుగాల నుంచి పొద్దుమూకేదాక. ఇంటికొచ్చి తల దువ్వుకుంటే థర్మకోల్ పూసలు రాలేటివి. షెడ్డు ఎనక మోరీ నిండ అదే చెత్త. వాన పడ్డదంటే ఆ నీళ్లు పోయే తొవ్వ లేక మా షెడ్డులకే వచ్చేటివి.

ఒకసారి మా సరుకు కొనే బయటి దేశపు పార్టీ ఒకటి మెయిల్ రాసింది. ఇగ మీ పెట్టెలల్ల ప్లాస్టిక్ అనేది కనపడొద్దు, ముందుగాల ముప్పై పెట్టెలు అట్ల పంపి సూపియ్యిన్రి, బాగుంటే అన్నీ అట్లనే తీసుకుంటం అని. మా ఓనరు సారు గుంటూరు దిక్కు మనిషి. అది చదివి వినిపించి నెత్తి పట్టుకున్నడు. నేనే ఎగేసుకుంట ముందట పడ్డ, నాకు అప్పజెప్పున్రి సార్, చేసి సూపిస్త అని. చేస్తే ప్యాకింగ్ సెక్షన్ నీ చేతికిస్తానమ్మా, చెడితే మాత్రం మళ్లీ చెకింగ్ బల్లే అన్నడు. ఆ ఫ్యాక్టరీల ఆడమనిషికి సెక్షన్ ఇచ్చుడు అప్పటిదాక లేదు. నాకు ఆ కుర్చీ కావాలె. దాపరికమేముంది, మస్తు కావాలె.

పాత పేపర్లు ఉండలు చేసి పెడితే వాల్వు బరువుకు అణిగిపోయినయ్. వరిగడ్డి పెడితే పురుగులొస్తయన్నరు. ఆఖరికి ఉత్తరాది కొండల దిక్కు గంజాయి నారతోని కాయితం చేస్తరని తెలిసింది. మత్తు లేని రకం చెట్టు, దాని కాడల నార గట్టిగుంటది. ఫోన్ల మీద ఫోన్లు చేసి తెప్పించిన. పేరు వినంగనే ఫ్యాక్టరీ అంత నవ్వుడే. అక్కా, జర వాసన సూడనియ్యవా అని ఒకడు, పోలీసులొస్తే నిన్నే పట్టిస్తం అని ఇంకొకడు. ఒక్కొక్కన్ని నిలబెట్టి చెప్పలేక నా నోరు నొచ్చింది. కానీ కాయితం మాత్రం కాయితమే. మందంగ, గరుకుగ, రెండు చేతులతోని గుంజినా చినగలే. నలిపి వాల్వు సుట్టు పెట్టి, పెట్టెను ఎత్తి నేలకేసినా లోపల గీత పడలే.

ఒక్కటే భయం, నీళ్లు. మా షెడ్డు సంగతి చెప్పిన గద. అందుకే పెట్టెలు లారీకెక్కించే పెద్దాయన కాడ పొద్దున సాయంత్రం అదే పాట పాడిన. ఆయనది నల్లగొండ దిక్కు, అందరం మామా అనేటోళ్లం. నాకు పెట్టె కట్టుడు నేర్పిందే ఆయన. ఆయన పంపిన పెట్టెల సుక్క నీళ్లు పోలేదని పేరు. మామా, ఇది మామూలు కాయితం గాదు, నీళ్లు తగలొద్దు, నా ఇజ్జత్ నీ చేతుల ఉన్నది అన్న. ఫికర్ జెయ్యకు బిడ్డా అన్నడు.

ముప్పై పెట్టెలు నా చేతులతోనే నింపిన. నీళ్లు అద్ది అంటించే కాయితం టేపు ఏసిన. తెల్లారి లారీకెక్కించిన్రు, నేను వచ్చేసరికి లారీ పోయింది. ఆ పొద్దు వాన పడుతుండె.

నెల దాటినంక మెయిల్ వచ్చింది, ఫోటోతోని. సారు నన్ను పిలిచి కంప్యూటర్ నా దిక్కు తిప్పిండు. నా పెట్టె. దాని మీద నీలం ప్లాస్టిక్ కవరు, అడ్డం నిలువు ప్లాస్టిక్ టేపు, మూలమూలకు మళ్లీ టేపు. ముప్పైకి ముప్పై అట్లనే ఉన్నయంట. లోపలి కాయితం గురించి ఒక్క ముక్క రాయలే వాళ్లు. వద్దన్నదాన్నే ఇంతగనం ఎందుకు పంపిన్రు అని మాత్రం అడిగిన్రు.

"ఎవరు చేశారమ్మా ఈ పని?" అన్నడు సారు.

నేను సీదా షెడ్డుకు ఉరికిన. వయసు గూడ చూడకుండ మామను నోటికొచ్చినట్టు తిట్టిన. నా బతుకు ఆగం జేసినవ్ అన్న. పనోళ్లంత చేతులాపి చూస్తున్నరు. ఆయన చేతిల టేపు కింద పెట్టి, నేను తిట్టుడు అయిపోయేదాక ఆగిండు.

"నీళ్లు తగలొద్దన్నవ్ గద బిడ్డా. నీ మాట పోవద్దని రెండు సుట్లు ఎక్కువేసిన."

ప్లాస్టిక్ ఎందుకొద్దో కాయితం అమ్మినోళ్లకు చెప్పిన, నవ్వినోళ్లకు చెప్పిన. పెట్టెను సాగదోలే మనిషికి చెప్పలే. విలువైన సామానంటే కవరు ఎయ్యాలె, అంతే ఆయనకు తెలిసింది. నాకు మాత్రం ఏం తెలుసు? మా ఇంట్ల టీవీ రిమోట్ కొని మూడేండ్లాయె, కవరు తియ్యలే, పైనుంచి రబ్బరు బ్యాండు గూడ ఏసి పెట్టిన.

సారు మళ్లీ అడిగితే, తప్పు నాదే సార్, నేను చెప్పుడు తక్కువైంది అన్న. సోమవారం నుంచి చెకింగ్ బల్ల. ప్యాకింగ్ కుర్చీల ఇంకో ఆయన కూసున్నడు, థర్మకోల్ మళ్లొచ్చింది. మిగిలిన నార కాయితం షెడ్డుల బీరువా మీద దుమ్ము పట్టుకుంట ఉన్నది. దాన్ని చూసినప్పుడల్ల నాకు ఏడుపు, కోపం రెండూ ఒక్కసారే వచ్చేటివి.

కొన్నొద్దులకు మామ నా బల్ల కాడికొచ్చిండు. ఆ కాయితాలు దుమ్ము దులిపి, మంచిగ మడతపెట్టి, ప్లాస్టిక్ కవర్ల పెట్టి, నాలుగు దిక్కుల టేపు కొట్టి తెచ్చిండు. మళ్ల ఆర్డరొస్తే అక్కెరకొస్తది, పాడు గాకుండ దాసుకో బిడ్డా అన్నడు.

ప్లాస్టిక్ ఎందుకొద్దో ఈసారన్న చెప్పాలె అని నోరు తెరిచిన. ఆయన మొఖం చూసిన. రెండు చేతులతోని తీసుకున్న.