నేంద్రం గెల

ఏలూరులో మా పక్కింట్లో రిటైరైన నర్సు గారొకరు ఉండేవారు. పుట్టింది కేరళలో. ఇక్కడి టీచరు గారిని పెళ్లి చేసుకుని ఈ ఊళ్లోనే ఉండిపోయారు. కూరల బండి దగ్గర అరటికాయ కొంటే, ముదిరిందో లేదో అని దాని అంచుల మీద బొటనవేలితో ఒకసారి నిమిరి గానీ సంచిలో వేసేవారు కాదు.

"మీ బొంత అరటి పచ్చిగా ఉన్నప్పుడే కూరకి బావుంటుందండీ. పండితే చప్పగా, మెత్తగా అయిపోతుంది. మా కేరళ నేంద్రం అరటి పండినా గట్టిగానే ఉంటుంది. ఆవిరి మీద ఉడికించుకుని తింటాం," అని నాతో చెప్పేవారు.

ఆవిడ కోసమే భర్త కేరళ నుంచి నేంద్రం పిలక తెచ్చి పెరట్లో నాటారు. అది గెల వేసేసరికి ఆయన గుండెపోటుతో పోయారు. ఆ తర్వాత ఆవిడ పొద్దున్నే వెళ్లి ఆ గెల కింద నిలబడేవారు.

"రుచి చూడాలని ఆయన ఎంత ఆశపడ్డారో అండీ," అన్నారొకసారి.

కాయలు ముదరకముందే తుఫాను గాలికి చెట్టు పడిపోయింది. అంత లేత కాయలు ఇక పండవు. ఆవిడ అన్నీ చెక్కు తీసి, పల్చటి చక్రాలుగా తరిగి, కొబ్బరినూనెలో వేయించి వీధిలో అందరికీ పంచారు. తాను మాత్రం ఒక్క ముక్క నోట పెట్టలేదు.

కొన్నాళ్లకి మోడు పక్కన పిలకలు లేచాయి.

"ఉంచండమ్మా, వచ్చే ఏడాదికి గెల వేస్తాయి," అన్నాను.

"ఉడికించి ఎవరికి పెట్టనండీ?" అన్నారు.

మర్నాడు మనిషిని పిలిపించి దుంపతో సహా తవ్వించేశారు. గొయ్యి పూడ్చేదాకా అక్కడే నిలబడ్డారు.