పిడికెడు వంతు

మా ఎదురు ఫ్లాటు ఆంటీ పోయారు. ఆ కబురు వచ్చినప్పుడు నేను ఫిల్మ్‌నగర్‌లో ఒక డబ్బింగ్ థియేటర్‌లో ఉన్నాను. అద్దానికి అవతల ఒక అమ్మాయి వేరే భాష సీరియల్లోని ఏడుపుకి తెలుగులో ఏడుస్తోంది. ఏడుపు పెదాలకి కుదరక ఆ పిల్లని మళ్ళీ మళ్ళీ ఏడిపిస్తున్నాం. ఫోన్లో ఆంటీ తమ్ముడు. వెంగళరావు నగర్‌లో ఉంటాడాయన. "అక్క వెళ్ళిపోయిందండీ. పొద్దున కాఫీ తాగింది, కాసేపు పడుకుంటానంది, అంతే" అన్నాడు. మాటలు రాసి బతికేవాణ్ణి, ఆ మాటల కాగితాలు అక్కడే వదిలేసి బయల్దేరాను.

ఆంటీ గురించి మా అపార్ట్‌మెంట్‌లో చాలామందికి తెలిసింది ఒక్కటే, విదేశాల్లో పెద్ద ఉద్యోగం చేసి రిటైరై వచ్చారని. ఆ ఉద్యోగమేమిటో ఎవరూ అడగలేదు. మా వీధిలో సినిమావాళ్ళనైతే ఆపి మరీ అడుగుతారు గానీ లెక్కలవాళ్ళని ఎవరడుగుతారు. ఎన్నో దేశాలు కలిసి నడిపే ఒక సహాయ సంస్థలో ఆవిడ బడ్జెట్ విభాగంలో పనిచేశారు. యుద్ధాల వల్ల ఇల్లూ వాకిలీ వదిలి వచ్చినవాళ్ళకి శిబిరాల్లో తిండి పెట్టే సంస్థ అది. నాకైనా ఆ సంగతి ఒక డాక్యుమెంటరీ పుణ్యమా అని తెలిసింది.

ఆ డాక్యుమెంటరీ సరిగ్గా ఇలాంటి సంస్థల ఖర్చు ఎవరు భరిస్తారన్న దాని మీదే. తెలుగు మాటలు రాయమని నాకిచ్చారు. సభ్యదేశాలు కట్టే సొమ్ముని చందాలు అని రాసేసి, ఎందుకైనా మంచిదని ఆంటీకి వినిపించాను. ఆవిడ నవ్వడం మొదలుపెట్టి కళ్ళజోడు తీసి పక్కన పెట్టుకున్నారు.

"చందా ఏంటి అబ్బాయ్, దేశాలేమైనా వినాయకుడి మండపం వేస్తున్నాయా? దాన్ని వంతు అనాలి. చందా అయితే ఇస్తే ఇస్తాడు, లేకపోతే తలుపేసుకుంటాడు. వంతు అలా కాదు, అది నీ మీద పడేది."

ఆ వంతు ఎలా లెక్కకడతారో వంటింట్లోకి తీసుకెళ్ళి చెప్పారు. గట్టు మీద ఒక స్టీలు డబ్బా ఉండేది. ఆవిడది గుంటూరు వైపు క్రైస్తవ కుటుంబం. వాళ్ళ చిన్నప్పుడు ఆడవాళ్ళు ఎసట్లో బియ్యం పోసేముందు పిడికెడు తీసి, చర్చి కోసమని వేరే కుండలో వేసేవారట. ఆదివారంనాడు అందరి బియ్యమూ ఒకచోట కుమ్మరించి, పొయ్యి వెలగని ఇళ్ళకి పంచేవారు. తూకం లేదు, కొలత లేదు. పెద్ద చేతిది పెద్ద పిడికిలి. చిన్నపిల్ల వేస్తే చిన్నది, అయినా అదీ పిడికిలే. దేశాల వంతూ దాదాపు అంతేనన్నారు. ఏ దేశం ఆదాయమెంత, తలకి ఎంత పడుతుంది, నెత్తిన అప్పెంత ఉంది, ఇవన్నీ చూసి వంతు లెక్కకడతారు. ఎంత బీద దేశమైనా నామమాత్రంగా ఏదో ఒకటి వెయ్యాలి. ఎంత గొప్ప దేశమైనా ఇంతకు మించి వెయ్యక్కర్లేదని ఒక హద్దు కూడా ఉంది. ఆ హద్దు సంగతి వాళ్ళమ్మకి చెప్తే ఒప్పుకునేది కాదని ఆంటీ నవ్వేవారు.

ఉన్నవాళ్ళలో కొందరు ముందే వేళ్ళు ముడిచి బియ్యంలో ముంచేవారట. చూడ్డానికి పిడికిలే, లోపల నాలుగు గింజలు. అది చూసి వాళ్ళమ్మ పిల్లలకి ఒక మాట నేర్పింది. "విప్పి ముంచు, మూసి తియ్యి." ప్రపంచ బడ్జెట్ల గురించి అంతకన్నా పెద్ద పాఠం తను ఏ ఆఫీసులోనూ వినలేదనేవారు ఆంటీ.

నేను ఇంటికొచ్చి ఉత్సాహంగా మొదట్నుంచీ చివరిదాకా వంతు అని మార్చేశాను. స్టూడియో ఇన్‌చార్జికీ నచ్చింది. పొట్టి మాట, పెదాలకి ఇట్టే కలిసిపోతుంది. మర్నాడు ఆంటీకి చదువుతుంటే, శిబిరాల్లో రేషన్ గురించి చెప్పే భాగం దగ్గర ఆపమన్నారు.

"ఇక్కడ మాత్రం చందాయే. మార్చకు" అన్నారు.

అప్పుడు చెప్పుకొచ్చారు. ఆఫీసు కుర్చీలకీ, పెద్ద ఉద్యోగాల జీతాలకీ కొంత వంతు సొమ్ము వస్తుంది. శిబిరంలో పెట్టే తిండి దాదాపు అంతా చందా మీదే. ఏ దేశానికి మనసైతే ఆ దేశం ఇస్తుంది, మనసైనంత ఇస్తుంది. ఆంటీ చివరి పోస్టింగ్ ఒక శిబిరం పక్కనే. ఇస్తామన్న దేశం ఒకటి చెయ్యి వెనక్కి తీసుకుంటే, రేషన్ సగానికి తగ్గించే లెక్క ఆవిడే వెయ్యాల్సి వచ్చింది. మర్నాడు ఒకావిడ ఎప్పుడూ తెచ్చుకునే గిన్నే తెచ్చుకుంది. అందులో పోసింది చూసుకుని గిన్నెని కొంచెం అటూ ఇటూ కదిపింది, అలా చేస్తే నిండుగా కనబడుతుందేమోనని. తిట్టలేదు, ఎందుకిలా అని అడగలేదు. తిట్టినా బావుండేది అన్నారు ఆంటీ.

"ఆఫీసుకి వంతు, అన్నానికి చందా. ఇన్నేళ్ళు నేను చేసిన ఉద్యోగం ఇదే అబ్బాయ్."

నాకు ఉండబట్టలేదు. కనీసం తెలుగులోనైనా వంతు అనేద్దామన్నాను. ఆవిడ కోప్పడలేదు. "నువ్విక్కడ మాట మారిస్తే అక్కడ గిన్నె నిండుతుందా?" అన్నారు. ఇన్‌చార్జి మొదట ఒప్పుకోలేదు, ఒక్క ముచ్చటకి రెండు మాటలెందుకన్నా, జనం పరేశానైతరు అన్నాడు. గిన్నె సంగతి విన్నాక మాత్రం రెండు మాటలూ అలాగే ఉంచాడు.

గట్టు మీది డబ్బాలో ఆంటీ రోజూ పిడికెడు వేస్తూనే ఉండేవారు. నిండగానే పులిహోర కలిపి, ఎర్రగడ్డలో ఆసుపత్రి బయట పడిగాపులు కాసే రోగుల తాలూకు మనుషులకి పట్టుకెళ్ళేవారు. ఆటోలో, గిన్నె ఒళ్ళో పెట్టుకుని. కారు తీస్తానంటే, ఇంగువ వాసన సీట్లకి పట్టేస్తుంది, నీ భార్య నన్ను తిడుతుంది అనేవారు. ఎవరైనా పుణ్యకార్యమంటే ఒప్పుకునేవారు కాదు. పుణ్యమంటే చందా అయిపోతుందట.

నిరుటి నుంచి కీళ్ళవాతం ముదిరి వేళ్ళు బిగుసుకుపోయాయి. పిడికిలి మూసుకునేది కాదు. చెయ్యి విప్పి ముంచేవారు, తీసేలోపు గింజలు వేళ్ళ సందుల్లోంచి జారిపోయేవి. చూడలేక మీ బదులు నేను వేస్తానన్నాను.

"నా బదులు వద్దు. నీ వంతు నువ్వు వెయ్యి. నాది ఎంతొస్తే అంత."

అప్పుడే వార్తలు మొదలయ్యాయి. దేశాలు ఒకదాన్ని చూసి ఒకటి ఇచ్చేది తగ్గించుకుంటున్నాయని. ఆంటీ పనిచేసిన శిబిరంలోనే మళ్ళీ రేషన్ కోత అన్నారు. పాత స్నేహితులకి ఫోన్లు చేస్తే వాళ్ళలో చాలామందికి ఉద్యోగాలే లేవు. ఏదో ఒక దేశం ఇస్తానందని, ఆ సొమ్ము వస్తే కోత ఆగుతుందని ఒకరు చెప్పారు. ఇక ఆంటీకి అదే ధ్యాస. చిన్న అక్షరాలు కనబడవు కాబట్టి నేనే ఫోన్లో చూసి చెప్పాలి. పొద్దున నేను పాలప్యాకెట్లు తీసుకోవడానికి తలుపు తీస్తే చాలు, ఎదుటి తలుపు తెరుచుకునేది.

"వచ్చిందా?"

రాలేదు ఆంటీ అనేవాణ్ణి. అంతకు మించి నేను చెయ్యగలిగిందేముంది. ఎక్కడో ఎవరో సంతకం పెట్టాలి, ఇక్కడ జూబ్లీహిల్స్ కొండ మీద ఒక ముసలావిడ తలుపు పట్టుకుని నిలబడాలి. కోపమొచ్చేది. ఎవరి మీద కోప్పడాలో తెలిసేది కాదు. లిఫ్టు రాలేదని లిఫ్టు మీద కోప్పడేవాణ్ణి.

ఒకరోజు ఆవిడ మరీ నీరసంగా కనిపిస్తే మనసొప్పక, ఒప్పుకున్నారట ఆంటీ, నేడో రేపో వచ్చేస్తుందట అన్నాను. ఆవిడ నా మొహంకేసి చూసి చిన్నగా నవ్వారు.

"నీ డబ్బింగ్ కుదరలేదు అబ్బాయ్. పెదాలు ఒకటంటున్నాయి, మాట ఇంకోటి వస్తోంది."

ఆ తర్వాత మళ్ళీ అబద్ధం చెప్పలేదు. నేను రాలేదనడం, ఆవిడ ఊఁ అని తలుపు దగ్గరగా వేసుకోవడం. పోవడానికి ముందురోజు పొద్దున కూడా అదే మాట, అదే ఊఁ. వెళ్ళిపోయే మనిషి చేతిలో ఒక మంచి కబురు పెట్టి పంపలేకపోయాను. నాకు మిగిలిన బాధ అదే.

పోయిన మర్నాడు సమాధుల తోటకి తీసుకెళ్ళాం. పాస్టర్‌గారి ప్రార్థన అయ్యాక మట్టి వెయ్యడానికి వరసలో నిలబడ్డాం. మా పై అంతస్తు ప్రొడ్యూసర్‌గారు వచ్చారు. వేళ్ళ కొసలతో చిటికెడు తీసి వేసి, రుమాలుతో తుడుచుకున్నారు. అలవాటు లేదు పాపం. మా వాచ్‌మన్ దోసెడు వేసి, వెనకున్నవాళ్ళు జారిపడకుండా గుంత పక్కన నిలబడ్డాడు. ఆంటీ తమ్ముడు వేశాడు. తర్వాత నేను.

రాత్రి వాన పడి మట్టి తడిసి ఉంది. విప్పి ముంచాను, మూసి తీశాను. చెయ్యి చాపాక పిడికిలి విప్పబుద్ధి కాలేదు. ఆ పొద్దున కూడా అలవాటు కొద్దీ ఫోన్ చూశాను. రాలేదు. ఆ ఒక్క మాట ఇక ఎవరికి చెప్పాలో తెలియలేదు. అలా ఎంతసేపు నిలబడ్డానో, వాచ్‌మన్ నా మోచెయ్యి పట్టుకుని మెల్లగా అన్నాడు.

"సార్, జర జరుగుండ్రి. ఎనకున్న అమ్మ వంతు."

విప్పాను. తడిమట్టి విడిపోకుండా, నా వేళ్ళ అచ్చులతో, అన్నం ముద్దలా ఆంటీ పెట్టె మీద పడింది.