నా పేరు రాసిన చెయ్యి

వేసవి సెలవుల తర్వాత కోదాడలోని మా డిగ్రీ కాలేజీ తెరిచిన మొదటి రోజు, జువాలజీ ల్యాబ్‌లో బీరువా తలుపు లాగగానే ఫార్మలిన్ వాసన ముక్కుకు కొట్టింది. రెండు నెలలు మూసి ఉన్న గది. సీసాల్లో కప్ప, పాము, చేప ఎప్పటిలాగే ఉన్నాయి. నా కళ్ళే మండి నీళ్ళు కారాయి. "కిటికీలు తీస్తానుండండి మేడం" అంటూ అటెండర్ అటు వెళ్ళాడు. నేను కళ్ళు తుడుచుకుంటూ నిలబడ్డాను గానీ మనసు అక్కడ లేదు. సూర్యాపేట శివార్లలో, రోడ్డుకు కాస్త లోపలగా ఉండే ఒక రెండంతస్తుల భవనానికి పోయింది. కరోనా మొదటి ఏడాది అక్కడ ఇలాంటి ల్యాబే ఒకటి మూతపడింది. దాని తాళంచెవి నా చేతిలోంచి తీసుకున్నవారు భిక్షం సార్. ఆయనను ఎరగనివాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. ఎరిగినవాళ్ళలో చాలామందికి ఆయన మీద ఏదో ఒక కోపం ఉంది. నాకూ ఉండేది.

ఆ భవనం ఒక విశ్వవిద్యాలయం నడిపిన చిన్న పీజీ సెంటర్. పేరు చెప్పను, ఆ రోజుల్లో ఏ విశ్వవిద్యాలయం కథైనా ఇంచుమించు అదే. భిక్షం సార్ దానికి ప్రిన్సిపాల్, కెమిస్ట్రీ ప్రొఫెసర్. తుంగతుర్తి దగ్గరి పల్లెలో గొర్లు కాసుకునే ఇంట్లో పుట్టి, ఆ ఇంటి నుంచి మొదటిసారి బడికి పోయిన మనిషి. తరగతిలో అడుగుపెడుతూనే ఎవరు రాలేదో చెప్పేవారు, హాజరుపట్టీ తెరవకుండానే. నేను చివ్వెంల నుంచి వచ్చి జువాలజీకి పార్ట్‌టైమ్ లెక్చరర్‌గా చేరిన కొత్తలో, ఒకరోజు నా పాఠం వినడానికి వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. ఒక అమ్మాయి ఏదో ప్రశ్న వేసింది. నాకు జవాబు తెలియదు. తెలియదనడానికి సిగ్గేసి, పెద్ద పెద్ద మాటలతో ఐదు నిమిషాలు దాటవేశాను. ఆ అమ్మాయి తలూపుతూ అంతా రాసుకుంది.

బయటికి వచ్చాక సార్ మెల్లగా అన్నారు. "ఆ పిల్ల నువ్వు చెప్పింది రాసుకున్నది సరితా. నిజమనుకొని రాసుకున్నది."

నేను తల దించుకున్నాను.

"తెల్వకపోతే తెల్వదని చెప్పు. రేపు సూసి చెప్త అను. దానితోని నీ ఇజ్జత్ ఏం పోదు."

మర్నాడు తరగతిలో నిలబడి, నిన్న చెప్పింది తప్పని ఒప్పుకున్నాను. ఆ అమ్మాయి స్కేలు పెట్టి ఆ వరుసలన్నీ కొట్టేసింది. ఎవరూ నవ్వలేదు. ఆ రోజు నుంచే నేను టీచర్‌నయ్యానని నాకనిపిస్తుంది.

తర్వాత కరోనా వచ్చింది. హాస్టల్ పిల్లలు మూటాముల్లె సర్దుకుని వెళ్ళిపోయారు. రెండు వారాలన్నారు, రెండు నెలలయింది. పాఠాలు ఫోన్లోకి మారాయి. పాలకీడు దగ్గర ఒక ఊరి నుంచి పల్లవి అనే అమ్మాయి సిగ్నల్ కోసం డాబా ఎక్కి, నెత్తిన చున్నీ కప్పుకుని ఎండలో వినేది. మాకు పీరియడ్ చొప్పున జీతం. ఫోన్లో చెప్పిన పీరియడ్ పీరియడేనా కాదా అన్న సంగతి మీద పైన ఫైలు తిరుగుతోందన్నారు. అది తిరుగుతూనే ఉంది. పరీక్షలు జరగలేదు గనక పరీక్ష ఫీజులు రాలేదు. ప్రైవేటు కాలేజీలు ఏటా విశ్వవిద్యాలయానికి కట్టే సొమ్ము ఆగిపోయింది. ప్రభుత్వం నుంచి రావలసిందీ సరిగా రాలేదట. రిటైరైనవాళ్ళ పెన్షన్లకే డబ్బు వెతుక్కుంటున్నారట. ఇవన్నీ మాకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. వాట్సాప్ గ్రూపులో తునకలు తునకలుగా తెలిశాయి.

నా భర్త శ్రీను ఒక బడికి తన సొంత వ్యాన్ నడిపేవాడు. బళ్ళు లేవు. వ్యాన్ మా కిరాయి ఇంటి ముందే నిలబడిపోయింది. బ్యాటరీ చచ్చిపోకుండా రోజూ పొద్దున ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేసేవాడు. ఎక్కడికీ పోని బండి చప్పుడుతో మాకు తెల్లవారేది. ఫోన్ మోగితే చాలు, ఏదో ఒక పుకారు. ఎనిమిదిమంది పార్ట్‌టైమ్ వాళ్ళలో ముగ్గుర్ని తీసేస్తారని ఒకరు, కాదు సెంటరే ఎత్తేస్తారని ఇంకొకరు. కామర్స్ చెప్పే యాదగిరి రోజూ ఫోన్ చేసి "అక్కా, ఏమన్న తెలిసిందా" అని అడిగేవాడు. తెలియదనేదాన్ని. ఎవరికి వాళ్ళం లోలోపల మిగతా ఏడుగురినీ తూకం వేయడం మొదలుపెట్టాం. నాకు పీహెచ్‌డీ ఉంది, యాదగిరికి లేదు కదా, తీస్తే అతన్ని తీస్తారు అని నాకొక ధైర్యం. ఆ ధైర్యం గుర్తొస్తే ఇప్పటికీ తల ఎత్తలేను.

ఒక పొద్దున శ్రీను వ్యాన్ ఇంజన్ ఆపేసరికి వెనకే స్కూటర్ ఆగిన చప్పుడైంది. భిక్షం సార్. ముఖానికి మాస్కు, చేతిలో ఏమీ లేదు. లోపలికి రమ్మంటే రాలేదు. "ఈడనే కూసుంట" అని అరుగు మీద ఒక చివర కూర్చున్నారు. నన్ను రెండో చివర కూర్చోమన్నారు. నాకు అప్పుడే అర్థమయింది.

"ముగ్గురి పేర్లు పంపుమన్నరు. పంపిన. అండ్ల నీ పేరున్నది సరితా. కాగితం ఇంక రాలె. వచ్చేలోపల నేను చెప్పాలె గదా అని వచ్చిన."

నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట నా గురించి కాదు. "యాదగిరి పేరు?"

"లేదు."

"ఆయనకు పీహెచ్‌డీ లేదు సార్."

"లేదు. కామర్స్‌ల నలభై మంది ఉన్నరు. నీ కాడ పదకొండు మంది. ఆ పదకొండు మందిని సూపిచ్చి కోర్సు ఉంచుండ్రి అని అడిగిన, ఇనలె. ఇంకోటి గూడ ఉన్నది, దాసిపెట్టను. నీకు ఇయ్యాల కాకుంటే రేపు ఇంకోకాడ దొరుకుతది. ఆయనకు దొరకది. అది గూడ ఆలోచన చేసిన."

"అంటే మంచిగ చదువుకున్నందుకు నాకు శిక్షనా సార్?"

"నీకు అట్లనే అనిపిస్తది. నాకు గిదే తోచింది. తప్పు కావచ్చు."

ఏడుపు రాలేదు. పిల్లలు గుర్తొచ్చారు. సెమిస్టర్ మధ్యలో ఉన్నాం, జెనెటిక్స్ మొత్తం మిగిలే ఉంది. "జీతం లేకున్నా చెప్త సార్. పరీక్షలయ్యేదాక చెప్త" అన్నాను.

ఆయన గొంతు పెంచడం నేను విన్నది ఆ ఒక్కసారే. "వద్దు. నువ్వు ఊరికె చెప్పినవనుకో, జీతం లేకున్నా కోర్సు నడుస్తదని రాసుకుంటరు. నీ ఎనక వచ్చేటోళ్ళను గూడ ఊరికెనే చెప్పుమంటరు. ల్యాబు తాళంచెవి ఇయ్యి."

ఇచ్చాను. తీసుకుని వెళ్ళిపోతారనుకున్నాను. వెళ్ళలేదు. "ఏమన్న అనేదుంటే అను. ఇని పోత" అన్నారు. అనరాని మాటలు చాలా అన్నాను. మీకు పర్మినెంటు ఉద్యోగం ఉంది కనుక ఇట్లా స్కూటర్ మీద వచ్చి చెప్పి పోగలరని కూడా అన్నాను. ఎండ అరుగు మీదికి వస్తే కొంచెం జరిగి మళ్ళీ కూర్చున్నారు. నా మాటలన్నీ అయిపోయాక లేచి, శ్రీను భుజం మీద చెయ్యి వేయబోయి, దూరం పాటించాలని గుర్తొచ్చినట్టుంది, ఆ చెయ్యి వెనక్కి తీసుకుని వెళ్ళిపోయారు. మా గడపకు వచ్చిన మనిషికి నేను మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు.

వారం తిరక్కముందే ఆయన నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఎత్తలేదు. రెండ్రోజుల తర్వాత మళ్ళీ వచ్చింది. అప్పుడూ ఎత్తలేదు. ఆ సాయంత్రమే పల్లవి చేసింది.

"మేడం, ప్రిన్సిపాల్ సార్ మాకు జెనెటిక్స్ చెప్తున్నడు."

"ఆయనది కెమిస్ట్రీ గదా?"

"మొదలే చెప్పిండు మేడం. నాకు గీ సబ్జెక్టు రాదు, మీతోని నేను గూడ నేర్చుకుంటున్న, తప్పుంటే ఆపుండ్రి అన్నడు. నిన్న లింకేజీ పాఠం మొత్తం తప్పు చెప్పిండు. ఆపుదామంటే భయమైంది."

మూడోసారి ఫోన్ వచ్చినప్పుడు ఎత్తాను. ఆయన కుశలం అడగలేదు, నేను క్షమాపణ చెప్పలేదు. "సరితా, గీ లింకేజీ నాకు సమజైత లేదు. నలభై ఏడో పేజీ" అన్నారు. ఆ రోజు నుంచి రెండు నెలలపాటు పొద్దున ఏడింటికి నేను చెప్పడం, ఆయన రాసుకోవడం. ఇంకో రెండేళ్ళలో రిటైరయ్యే మనిషి, "ఒక్క నిమిషం ఆగు, బొమ్మ గీసుకుంటున్న" అనేవారు. అర్థం కాకపోతే కాలేదనేవారు, ఒకే సంగతి నాలుగుసార్లు చెప్పించుకునేవారు. ఒకరోజు రెండు తెల్ల గొర్లకు నల్లపిల్ల ఎలా పుడుతుందో చెబుతుంటే మధ్యలో నన్ను ఆపారు. "గిది మా నాయనకు తెలుసు సరితా. ఏ పొట్టేలును ఏ గొర్రె కాడ ఇడిస్తే నల్లది పుడుతదో ముందుగాలనే చెప్పేటోడు. దానికి పేరున్నదని మాత్రం ఆయనకు తెల్వదు." ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతు ప్రిన్సిపాల్ గొంతులా లేదు.

ఇంకోరోజు ఉండబట్టలేక అడిగాను. "ఊరికె చెప్పొద్దని మీరే అన్నరు గద సార్, మరి ఇదేంది?"

"పిల్లలకు చెప్పేది నేను, నాకు జీతమున్నది. నాకు చెప్పేది నువ్వు. గిది మన ఇద్దరి నడుమది, దీనికి ఫైలు లేదు" అన్నారు.

ఆ పదకొండు మందిలో పదిమంది పాసయ్యారు. మిగిలిన ఒక్కడు తర్వాత రాసి గట్టెక్కాడు. అయినా మరుసటి ఏడాది జువాలజీలో ప్రవేశాలు ఆపేశారు. ఆ పై ఏడాది సెంటరే మూసేసి పిల్లలను వేరేచోట కలిపారు. నా బదులు నిలిచిన యాదగిరి ఉద్యోగమూ దానితోనే పోయింది. నాకు ఇంకోచోట దొరుకుతుందని సార్ అన్నది కూడా అంత తొందరగా జరగలేదు. ఏడాది దాటింది. ఆ ఏడాదంతా శ్రీనూ నేనూ వ్యాన్‌లో సీట్లు తీసేసి, సూర్యాపేట కాలనీల్లో కూరగాయలు అమ్మాం. నేను టమాటాలు తూస్తుంటే మా పాత విద్యార్థి తల్లి గుర్తుపట్టి, బేరం ఆడకుండా తీసుకుని వెళ్ళిపోయింది. బేరం ఆడి ఉంటే బాగుండేదనిపించింది. సార్ ఒకసారి వ్యాన్ దగ్గరికే వచ్చి, కొత్తిమీర కట్ట చేతిలో పట్టుకుని, "నా అంచనా తప్పింది సరితా" అన్నారు. డబ్బులిచ్చి వెళ్ళారు. సర్దిచెప్పకపోవడమే నాకు మేలనిపించింది.

కోదాడలో ఉద్యోగం వచ్చాక తుంగతుర్తి దగ్గర ఆయన ఊరికి వెళ్ళాను. అప్పటికి రిటైరయి ఉన్నారు. ఇంతకాలం మనసులో పెట్టుకున్నది అడిగాను. "కాగితం ఎట్లాగూ వచ్చేది గద సార్. మీరెందుకొచ్చిన్రు ఆ రోజు? మిగతా ఇద్దరి ఇండ్లకు గూడ పోయిన్రట."

ఆయన కుడి చెయ్యి ఒకసారి తిప్పి చూసుకున్నారు. "పేరు నేను రాసిన. రాసిన చెయ్యి ఎవ్వరిదో నీకు తెల్వాలె గద. తెల్వకపోతే నువ్వు ఎవ్వరిని తిడుతవు?"

మరుసటి చలికాలంలో గుండెపోటుతో పోయారు. దవాఖానకు తీసుకుపోయే వ్యవధి కూడా ఇవ్వలేదని ఆయన కొడుకు చెప్పాడు. ఆ అరుగు మీద నేనన్న మాటలకు క్షమించమని ఆయనను అడగనేలేదు. అడిగి ఉంటే, అనుమన్నది నేనే గదా అనేవారేమో.

ఇప్పుడు నేను కోదాడ కాలేజీలో వైస్ ప్రిన్సిపాల్‌ని. ఈ ఏడు సైన్సులో చేరినవాళ్ళు తగ్గారు. పోయిన నెల యాజమాన్యం పిలిచి, "ఫిజిక్స్‌లో ఒకరు సరిపోతారు కదండీ, ఎవరిని ఉంచాలో మీరే చెప్పండి" అన్నది. మూడు రాత్రులు సరిగ్గా నిద్ర లేదు. నాలుగోరోజు తీసేయడానికి ఒక పేరు రాసి ఇచ్చాను. మెసేజ్ మేం పంపిస్తామన్నారు. ఒక్కరోజు ఆగమని అడిగి, మిర్యాలగూడ బస్సెక్కాను. ఆ పేరు ఫిజిక్స్ చెప్పే నాగమణిది. ఆమె సెలవుల నుంచి ఇంకా రాలేదు, పుట్టింట్లోనే ఉంది. హుజూర్‌నగర్‌లో బస్సు ఆగినప్పుడు దిగి వెనక్కి వెళ్ళిపోదామా అని కూడా అనుకున్నాను. ఎలా మొదలుపెట్టాలో పది రకాలుగా అనుకున్నాను. రైసుమిల్లుల వెనక సందులో వాళ్ళ ఇల్లు కనబడేసరికి ఆ పదీ మర్చిపోయాను.

చెప్పాను. నాగమణి నా ముఖంలోకి చూసింది.

"వాళ్ళు రాయించిన్రా మేడం, మీరే రాసిన్రా?"

వాళ్ళ మీదికి తోసేయడం ఎంత సులువో ఆ క్షణం నాకు తెలిసింది. "నేనే రాసిన" అన్నాను.

ఆమె లోపలికి వెళ్ళి తలుపు దగ్గరికి వేసింది. కోదాడ పోయే బస్సుకు వేళవుతోంది. ఆ ఇంటి ముసలావిడ వచ్చి, ఎవరమ్మా అని అడిగింది. నాగమణి కాలేజీ అని చెప్పాను. లోపల గిన్నె ఏదో గట్టిగా పెట్టిన చప్పుడైంది. తిట్లకు సిద్ధపడ్డాననుకున్నాను గానీ చూపు సందు చివరికి పోయింది. వాకిట్లో ఉన్న ప్లాస్టిక్ కుర్చీ నీడలోకి జరుపుకుని, ఆమె బయటికి వచ్చి ఏం అంటుందో వినడానికి కూర్చున్నాను.