ఎనిమిది కాళ్ళ బీరువా

టీషర్టుల మీద బొమ్మలు అచ్చు వేసే ఆ షాపులో ఆమెను అందరూ వదిన అనే పిలుస్తారు. యజమానికి ఆమె అన్న భార్య. అతను వదినా అనడం విని పనివాళ్ళూ వదినే అన్నారు, రంగుల డబ్బాలు తెచ్చేవాడూ వదినే అన్నాడు, ఆఖరికి కరెంటు మీటరు చూడటానికి వచ్చే పండుముసలి కూడా వదినా, మంచినీళ్ళున్నాయా అని అడిగేవాడు.

ఆమె పని తొట్టి దగ్గర. చెక్క ఫ్రేముకు సన్నటి జాలీ గుడ్డ బిగించి, అందులోంచి రంగును టీషర్టు మీదికి దింపుతారు. అచ్చు అయిపోయాక ఆ ఫ్రేములన్నీ వదిన కడగాలి. కడిగి కడిగి ఆమె చేతులకు ఏ రోజు రంగు ఆ రోజు పట్టేది. ఒకసారి పచ్చటి చేతులతో బీన్సు ఏరుకుంటుంటే, అమ్మేవాడు ఆమె వేళ్ళను కూడా తక్కెట్లో వేయబోయాడని ఆ వీధిలో చెప్పుకుంటారు. ఎంతవరకు నిజమో ఆ తక్కెడకే తెలియాలి.

బొమ్మల పిచ్చి ఆమెకు చిన్ననాటిది. బళ్ళో నల్లబల్ల మీద కప్పను గీస్తే, అది ఎటు గెంతుతుందోనని టీచరమ్మ కిటికీలు మూయించిందట. ఆ తర్వాత పెళ్ళి, లారీ ఎక్కితే పదిరోజులకు గానీ దిగని భర్త, ఈ తొట్టి. కప్ప మళ్ళీ గెంతలేదు.

షాపులో బొమ్మలు గీసే ఆర్టిస్టు మానేశాడు. కిటికీ పక్కన అతని బల్ల ఖాళీ అయింది. వదిన చేతులు తుడుచుకుని మరిది ముందు నిలబడింది.

"ఆ బల్ల దగ్గర నేను కూర్చుంటాను."

"కూర్చో వదినా. ఫ్యాను కూడా వేస్తాను."

"గాలికి కాదు మరిదీ, గీయడానికి."

మరిది పడీ పడీ నవ్వాడు. వదిన కదల్లేదు. నవ్వు అయిపోయాక కూడా ఆమె అక్కడే ఉండటం చూసి గొంతు సవరించుకున్నాడు.

"సరే, ఒక్క ఛాన్సు. సామాన్లు మోసే మేస్త్రి తన మనుషులకి టీషర్టులు కావాలన్నాడు. నీ బొమ్మకి ఆయన ఊ అంటే బల్ల నీది. లేదంటే బయట్నించి ఆర్టిస్టుని తెస్తా, నువ్వు తొట్టి దగ్గరికే. తర్వాత అలగకూడదు."

"అలిగితే మాత్రం నువ్వు బతిమాలే రకమా?"

మేస్త్రితో కలిపి వాళ్ళు నలుగురు. ఇళ్ళు మారేవాళ్ళ సామాన్లు మోస్తారు. వాళ్ళు మూడంతస్తులు దించిన బీరువా మీద ఒక పిల్లి నిద్రపోతూ ఉండిపోయిందనీ, కొత్త ఇంట్లో లేచి పాత వంటగది కోసం వారం రోజులు వెతికిందనీ వాళ్ళకు పేరు. అంత పేరున్నా, టీవీ మోసుకుని మెట్లు దిగుతుంటే దొంగలని అరిచేవాళ్ళు అరుస్తూనే ఉన్నారు. అందుకే టీషర్టులు.

వదిన నేరుగా తమ్ముడి ఇంటికి పోయింది. అతను ఒక బ్యాండులో డ్రమ్ములు వాయిస్తాడు. వాటి దెబ్బకు పక్కింటి చెవిటాయనకు వినబడటం మొదలైందని అంటారు. అతని దగ్గర దేశదేశాల బ్యాండుల టీషర్టులు ట్రంకుపెట్టె నిండా ఉన్నాయి. పూలకుండీకి నీళ్ళు పోసే అస్థిపంజరం, రైలును మింగుతున్న తోడేలు, ఓడను చేతులన్నిటితో చుట్టేసిన ఆక్టోపస్.

"ఇవన్నీ ఆ పాడేవాళ్ళే గీస్తారా?"

"కాదక్కా, ఇలస్ట్రేటర్లని వేరే ఉంటారు. పాట విని గీస్తారు. జనం పాట మర్చిపోయినా బొమ్మ మర్చిపోరు."

"నీ పాటలకి అదే మంచిది."

ఆక్టోపస్ ఆమెను పట్టేసుకుంది. ఆ టీషర్టు ఇంటికి తెచ్చి, దాని మీద పల్చటి కాగితం పరిచి, ఒక్కో గీతా ఊపిరి బిగబట్టి దించింది. ఓడ తీసేసి దాని చోట బీరువా పెట్టింది. మేస్త్రి చూసి మురిసిపోయాడు.

"భలే ఉందమ్మా! మాకు రెండే చేతులున్నాయని ఇక ఎవరూ అనరు." ఆయన వేలు ఒక చేయి వెంబడి జరిగి కొసన ఆగింది. "ఇదెవరి సంతకం? నీదా?"

వదిన వంగి చూసింది. చర్మం ముడత అనుకుని ఆమె జాగ్రత్తగా దించిన ఆ మెలిక, అసలు బొమ్మ గీసినవాడి సంతకం.

మరిది ఆమె చెవి దగ్గర గొణిగాడు. "చెరిపేస్తే పోయె. ఆయనేమైనా ఇక్కడిదాకా వచ్చి చూస్తాడా?"

రబ్బరు పక్కనే ఉంది. బల్ల చేతికి అందేంత దూరంలో ఉంది. వదిన కాగితాన్ని చుట్ట చుట్టేసింది.

"మేస్త్రిగారూ, ఈ బొమ్మ నాది కాదు. వేరే ఇస్తాను. వారం ఆగండి."

"నాకిదే నచ్చిందమ్మా!"

"మీకు నచ్చింది ఆయన పని. నా పని మీరింకా చూడలేదు."

మేస్త్రి బుర్ర గోక్కుంటూ వెళ్ళిపోయాడు. మరిది పళ్ళు కొరికాడు. "ఊ అన్న మనిషి చేత ఉహూ అనిపించుకునే ఆర్టిస్టుని ఇప్పుడే చూస్తున్నా! కొత్తవాణ్ణి సోమవారం రమ్మంటున్నా. ఆలోపు నీ ఇష్టం." అని ఫోను అందుకున్నాడు.

ఆ సాయంత్రం వదిన మళ్ళీ తమ్ముడి ఇంటికి పోయి ట్రంకుపెట్టె మొత్తం నేల మీద పరిచింది. ఈసారి ఏం గీశారని కాదు, ఎలా గీశారని చూసింది. కళ్ళు సగం మూసి ఆక్టోపస్‌ను చూస్తే అర్థమైంది. దాని ఒంటి మీద వెలుతురు పడిన చోటే తెల్లరంగు ఉంది, మిగిలిందంతా ఉత్త నల్లగుడ్డ. సగం బొమ్మ ఆయన గీసి, సగం గుడ్డకు వదిలేశాడు. ఓడ బరువు పడిన చోట గీత లావెక్కింది. ఈ మనిషి బరువంటే ఏమిటో ఎక్కడో కళ్ళారా చూసుంటాడు. తానో? మేస్త్రి మనుషులు పని చేస్తుంటే ఒక్కసారైనా చూడలేదు.

పొద్దున్నే పెన్సిలూ అట్టా పట్టుకుని వాళ్ళ వెంట పడింది.

"నువ్వూ ఓ చెయ్యేస్తావా అమ్మా?" అన్నాడు మేస్త్రి.

"చూస్తానంతే."

"చూసేవాళ్ళు ఎక్కువైతే బరువు పెరుగుతుంది మరి!"

ఆమె మెట్ల కింద నిలబడింది. పైనుంచి బీరువా దిగుతోంది. గీతలు పడకుండా దాని మీద కప్పిన దుప్పటి జారి, మోసేవాళ్ళ తలలనూ భుజాలనూ కూడా కప్పేసింది. మనుషులు లేరు. బీరువా, దాని కింద ఎనిమిది కాళ్ళు. మెట్టును తడుముతున్న అరికాలు, ఊడబోతున్న చెప్పును వేళ్ళతో బిగబట్టిన పాదం, వణుకుతున్న పిక్క.

"ఎడమకి! నీ ఎడమకి కాదురా, నా ఎడమకి!"

"ఆగండి! అలాగే ఉండండి!" అని అరిచింది వదిన.

దుప్పటిలోంచి మేస్త్రి గొంతు వచ్చింది. "తల్లీ! బీరువా మోసేవాణ్ణి ఆగమనే మనిషిని నా జన్మలో చూళ్ళేదు!"

గీయడం మాత్రం అంత తేలిగ్గా కుదరలేదు. మొదట కాళ్ళన్నీ మంచం కోళ్ళలా వచ్చాయి. చించేసింది. తర్వాత బీరువా గాలిపటంలా తేలింది. అదీ చించింది. ఫ్రేములు కడుగుతూ, తడి వేలితో తొట్టి గోడ మీద మోకాళ్ళు గీసింది. అవి ఆరిపోయేలోపు మళ్ళీ గీసింది. చివరికి బీరువాను గీయడమే మానేసింది. అంచున రెండు వెలుగు గీతలు పెట్టి, మిగతాది ముదురు నీలం గుడ్డకు వదిలేసింది. తెల్లరంగంతా కాళ్ళకే ఇచ్చింది. అప్పుడు బీరువాకు బరువొచ్చింది.

శనివారం మేస్త్రి తన మనుషులతో వచ్చాడు. నలుగురూ బొమ్మ మీదికి వంగారు. మరిది కాలు ఆడిస్తున్నాడు.

"ఇది మేమే," అన్నాడు మేస్త్రి మెల్లగా. "అచ్చు వేసెయ్యండి."

మరిది వదిన వైపు చూశాడు, బల్ల వైపు చూశాడు, ఫోను తీసుకుని బయటికి వెళ్ళాడు. "సోమవారం రానక్కర్లేదు బాబూ," అనడం లోపలికి వినిపించింది.

అంతలో గొడవ మొదలైంది.

"ఈ దొడ్డికాళ్ళు ఎవరివిరా?"

"నీవే."

"నావా? నా మోకాళ్ళు ఇంత వంకరా?"

"చూపించు, తేల్చేద్దాం!" అంటూ మేస్త్రి ముందు తన ప్యాంటే పైకి మడిచాడు. మిగతావాళ్ళూ మడిచారు. వదిన బల్ల ముందు కూర్చుని, కాగితం లాక్కుని, ఒక్కో మోకాలినీ పరీక్షగా చూస్తూ దిద్దడం మొదలుపెట్టింది.

సరిగ్గా అప్పుడే ఒక పెద్దమనిషి బేరానికి వచ్చి, మోకాళ్ళ దాకా ప్యాంట్లు మడుచుకుని వరసగా నిలబడ్డ నలుగురు వస్తాదులను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

మరిది గబగబా కుర్చీ తెచ్చి వేశాడు. "రండి, రండి, కూర్చోండి. మా ఆర్టిస్టు పనిలో ఉన్నారు."

వదిన తల ఎత్తలేదు. "బాబూ, ఆ మోకాలు కాస్త వెలుగులోకి తిప్పు," అంది.