వెనక్కి చూడని తాత

కొంటా నుంచి పోయే బస్సు కండక్టర్‌ను అందరం తాత అనేవాళ్లం. తాత నడిచేటప్పుడు వెనక్కి తిరిగి చూసేవాడు కాదు. పిలిచేవాడు, పలికితే నడిచేవాడు.

అవి యుద్ధం రోజులు. వైజాగ్ మీద బాంబులు పడ్డాక వాల్తేరులో నా చదువు సగంలో ఆపించి, నాన్న నాగపూర్ యూనివర్సిటీకి మార్పించాడు. పెట్రోలు లేక బస్సులు బొగ్గుతో నడిచేవి. నాగపూర్‌కు జగదల్‌పూర్ మీదుగా పోవాలి. ఆ దారిలో దర్భా ఘాట్ ఎక్కలేక బస్సు ఆయాసపడితే అందరం దిగి నడవాలి. తోడొచ్చిన మా మామ మాత్రం మోకాలి నొప్పంటూ దిగలేదు. అక్కడి పులుల సంగతి ఆయనకు బాగా తెలుసు.

ముసురు, పొగమంచు. ముందున్న మనిషి వీపు కూడా కనిపించదు. తాత ఒక్కొక్కరినీ కేకేస్తుంటే ఒకరు గోండీ భాషలో, ఒకరు హల్బీ భాషలో పలికేవారు. చివరికి నా వంతు.

“ఉన్నవా బిడ్డా?”

“ఉన్నా తాతా.”

పక్క పొదలో ఏదో కదిలింది. నా కాళ్లు ఆగిపోయాయి. తెలిసిన ముఖం ఒక్కటీ లేని నాగపూర్ కూడా నాకు ఆ పొదలాగే తోచింది.

“నేను రాను తాతా. ఇంటికి పోతా.”

“పో. కిందికి పోయే బస్సు ఎల్లుండొస్తది. పులి ఇయ్యాళనే వస్తది. ఏంది, నడుస్తవా?”

ఇంట్లో అందరితో వాదించి గెలిచేదాన్ని. ఇక్కడ తాత గొంతు వినిపించిన వైపు నడిచాను.

నాగపూర్‌లో మొదటి క్లాసు. ఆడపిల్లను నేనొక్కదాన్నే. వెనకంతా మగపిల్లల గుసగుసలు. ప్రొఫెసర్ హాజరు పిలుస్తుంటే నాకు ఇంగ్లీషు ముక్క ఒక్కటీ గుర్తు రాలేదు. నా పేరు వినబడగానే, వెనక్కి చూడకుండా గట్టిగా అరిచాను.

“ఉన్నా తాతా!”

క్లాసంతా గొల్లుమంది. తెలుగు రాని ఆ ప్రొఫెసర్ మాత్రం తలెత్తకుండానే నాకు హాజరు వేశాడు.