‘సాలు’ అనడం నేర్పిన ఉస్తాద్

వనపర్తిలో మాకు కుస్తీ నేర్పిన ఉస్తాద్ మొన్న శుక్రవారం పొద్దున చనిపోయారు. వారం రోజుల జ్వరమట. నేను గద్వాల నుంచి వచ్చి బస్సు దిగగానే టాంగా అతను చెప్పాడు. ముందు ఏడుపు రాలేదు నాకు, భయం వేసింది. ఇక ఆ గోదాలో పిల్లల మెడలకు కాపలా ఎవరు?

ఎవరు పిల్లవాణ్ణి తెచ్చినా ఆయన కండలు చూసేవారు కాదు. నోరు తెరవమనేవారు. పాలపళ్లు ఊడి కొత్తవి వచ్చేదాకా పట్లు నేర్పేది లేదు. అప్పటిదాకా వాళ్ల పని ఎర్రమట్టి గుల్ల చేయడం, దొర్లడం, పడటం. “పడుడు రానోనికి పడగొట్టుడు నేర్పొద్దు” అనేవారు. ఇంకొకటి నేర్పేవారు. ఊపిరి ఆడకపోతే నేలమీద రెండుసార్లు చరిచి ‘సాలు’ అనాలి. ఆ మాట వినగానే పైవాడు వదిలేయాలి.

ఆ ‘సాలు’ వింటే నాకు ఒళ్లు మండేది. అప్పట్లో ఊళ్లమీద దోపిడీ మూకలు పడుతున్నాయని నాగర్‌కర్నూలు వైపు నుంచి రోజూ కబుర్లు. పొద్దు వాలకముందే తలుపులు మూసేవాళ్లం. దొరికిన కరపత్రమల్లా చదివి, లేత చేతులే దేశానికి కోట అని నమ్మినవాణ్ణి నేను. ఒకనాడు అడిగేశాను: “దొంగలు మీదపడితే, సాలంటే ఇడుస్తరా ఉస్తాద్?”

ఆయన నవ్వారు. “ఇడువరు బేటా. గందుకే గదా వాళ్లు దొంగలు. మన పోరగాండ్లను గూడ గట్లనే చేద్దమా?”

నాకు ఎక్కలేదు. ఆయన కుస్తీ పోటీలకని అయిజ పోయినప్పుడు ఏడెనిమిదేళ్ల పిల్లలను ఆరుగురిని పోగుచేశాను. కరపత్రంలో బొమ్మ చూసి మెడపట్టు నేర్పాను. ‘సాలు’ పిరికివాళ్ల మాట, ఎవరూ అనొద్దని ఒట్టు వేయించాను.

మూడోనాడు మా పక్కింటి కుమ్మరివారి పిల్లవాడి మెడ ఇంకొకడి మోచేతిలో చిక్కింది. వాడి మొహం నల్లబడింది. నేల చరవడానికి చెయ్యి లేచింది. వాడు నావైపు చూసి, పిడికిలి ముడుచుకున్నాడు. అది వీరత్వమనుకుని నేను చప్పట్లు కొడుతున్నాను.

ఉస్తాద్ ఒకరోజు ముందే తిరిగి వచ్చారు. భుజం మీది మూట ఎక్కడ పడేశారో, గోదాలోకి దూకి మెడ చుట్టూ బిగిసిన ఆ చేతిని విడదీశారు. నీళ్లు చల్లారు, వీపు రాశారు. పిల్లవాడికి ఊపిరి ఎంతసేపటికి వచ్చిందో నాకు తెలియదు. కళ్లు తెరిచి నన్ను వెతుక్కుని అన్నాడు:

“నేను అనలే అన్నా.”



ఉస్తాద్ నన్ను కొట్టలేదు. మట్టిలోనే కూర్చుని, “కుస్తీ పిల్లలకు మంచిదే. ఆపెటోడు పక్కనుంటేనే. నువ్వు ముందుగాల ఆపుడు నేర్చుకో” అన్నారు. తర్వాత నాలుగు నెలలు నాతో ఒక్క పట్టు పట్టించలేదు. గోదా పక్కన కూర్చోబెట్టి పిల్లల చేతులు కాదు, మొహాలు చూడమనేవారు. జరిగింది మాత్రం ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. నా పరువు అట్లా కాపాడారు. దానికి నేను ఆయనకు దండం పెట్టింది కూడా లేదు.

ఆయన దాచినందుకే ఇవాళ జనం నన్ను నమ్ముతున్నారు. ఖననమైన మర్నాడే నలుగురు తండ్రులు గోదా దగ్గరికి వచ్చి, ఇక నువ్వే నేర్పాలన్నారు. చిన్నవాళ్లకు పట్లు వద్దన్నాను.

“రేపు మీదవడెటోడు వయసు అడుగుతడా?” అన్నాడొకాయన.

అది ఒకప్పటి నా వాదమే. ఆ తండ్రి మాట్లాడుతూనే కొడుకు అంగీ విప్పి మట్టిలో దించాడు. ఆ పిల్లవాడికి ఐదేళ్లుంటాయి. వాడు చుట్టూ చూసి, రెండు చేతులూ నావైపు పైకెత్తాడు.

“సూడు, పట్టుకు ఎట్ల వస్తుండో” అన్నాడు తండ్రి, మురిసిపోతూ.

వాడు ఎత్తుకోమంటున్నాడు.