వదినను చంపింది నాలా కాదు

మా ఊరి మురుగు నాలా ఎంత చెడ్డదో నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. పాశమైలారం కంపెనీల నీళ్లు అందులో ఒకనాడు ఎర్రగా, ఇంకోనాడు పచ్చగా పారేవి. మా వరిమడి దాంతోనే పాడైంది. బర్రెలకు చూలు నిలవలేదు. అవన్నీ నిజం. మా వదినను చంపింది మాత్రం నాలా కాదు. మా అన్న వచ్చినవాళ్లందరికీ నాలాయే చంపిందని చెబుతూంటే, ఏళ్ల తరబడి పక్కన నిలబడి తల ఊపాను. కనుక దాన్ని సరిచేయవలసింది నేనే.

తొంభైల్లో నేను ఒక మందుల కంపెనీలో, ప్యాకింగ్ సెక్షన్‌లో ఉండేవాణ్ణి. బెల్టు మీద వచ్చే గోళీల్లో అంచు విరిగినవి ఏరి డ్రమ్ములో పడేయడం నా పని. డ్రమ్ములో పడవలసినవి కొన్ని నా రుమాలు మడతలోకి పోయేవి. అందరూ చేసేదే. ఏ కంపెనీ వాడు ఆ కంపెనీ గోళీలు తెచ్చేవాడు. షిఫ్టు విడిచాక చాయ్ హోటల్లో కూర్చుని, తొక్కుపచ్చళ్లు పంచుకున్నట్టు వాటిని పంచుకునేవాళ్లం.

"గ్యాస్ గోళీ తెచ్చినవా?"

"తెచ్చిన. నీ దగ్గరేమున్నయ్?"

"దగ్గుది."

"మొన్న నీ దగ్గుగోళీ మా అత్తకిస్తే పొద్దుగూకేదాక లేవలేదు."

"మంచిదే గద భాయ్, ఇంట్ల లొల్లి లేదు. ఇంకో రెండు తీస్కపో."

మా సెక్షన్ గోళీకి గిరాకీ ఎక్కువ. తెల్లగా, చిన్నగా ఉండేది. డ్రమ్ము మీద స్టెరాయిడ్ అని రాసి ఉండేది. చదివాను కానీ అదేమిటని ఎవరినీ అడగలేదు. పొద్దున ఒకటి వేసుకుంటే సాయంత్రానికి ఒళ్లునొప్పులు ఉండవు, అంతవరకే మాకు తెలుసు. దాన్ని తాఖత్ గోళీ, అంటే బలం గోళీ, అనేవాళ్లం.

వదినకు కీళ్ల నొప్పులు. పొద్దున్నే చీపురు పట్టుకుందామంటే వేళ్లు ముడుచుకునేవి కావు. నేను గోళీలు ఇవ్వడం మొదలుపెట్టాక, కొద్దిరోజులకే తానే పిండి పిసికి జొన్నరొట్టెలు కొట్టింది. "పెండ్లినాటి చేతులొచ్చినయ్ మరిదీ" అంది. ఆకలి పెరిగింది. ముఖం గుండ్రంగా నిండింది. బోరింగ్ దగ్గర ఆడవాళ్లు ఆమెను ఆటపట్టించేవాళ్లు.

"నీ మొగడు ఏం తినబెడుతున్నడే? బుగ్గలు పూరీలైనయ్!"

"మొగడా? ఆయన మొకం! మా మరిది పెడుతుండు, తాఖత్ గోళీలు."

ఆ నవ్వులు వింటూ నేను సైకిల్ తుడుచుకునేవాణ్ణి. ఎంత గర్వపడ్డానో ఇప్పుడు తలచుకోవడానికి కూడా ఇష్టం లేదు. ఆ వానకాలం ఇంట్లో అందరం జ్వరాలతో పడ్డాం. వదిన ఒళ్లు మాత్రం వెచ్చబడలేదు. "జూసినవా అన్నా, గోళీ మహిమ" అన్నాను.

తరువాత ఆమెకు ఆయాసం మొదలైంది. ముఖం అలాగే ఉండగా కాళ్లూ చేతులూ పుల్లల్లా అయ్యాయి. చేయి తలుపుకు తగిలితే చాలు, తోలు కమిలేది. నాలా వాసన పడటం లేదనుకున్నాం. పుట్టింటి ఊరికి పోదామని ఆమె బతిమాలింది. పొలం వదిలి రానన్నాడు అన్న. ఒకరోజు బోరింగ్ దగ్గరే కూలిపోతే సంగారెడ్డి పెద్దాసుపత్రికి తీసుకుపోయాం.

ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల నిండా సజ్జలు చల్లినట్టు ఉంది. టీబీ. డాక్టరు దాన్ని వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు.

"ఇంత ముదిరినా జ్వరమే రాలేదా? ఏమన్న గోళీలు వాడుతున్నదా?"

"తాఖత్ గోళీలు సార్, మా తమ్ముడు తెస్తుండె" అన్నాడు అన్న.

డాక్టరు నా వైపు తిరిగాడు. "ఏం గోళీలు? పేరు చెప్పు. దాన్ని బట్టి వైద్యం చెయ్యాలె."

అంతకు కొద్దిరోజుల ముందే మా గేటు దగ్గర ఒకడి రుమాలు విప్పించి, ఉద్యోగంలోంచి తీసేశారు. నా కళ్ల ముందు అదే ఉంది.

"బీకాంప్లెక్స్ సార్" అన్నాను.

డాక్టరు అదే రాసుకున్నాడు. తనకు తెలిసిన వైద్యం తాను చేశాడు. ఆసుపత్రిలో చేరాక ఆ తాఖత్ గోళీ ఆమెకు ఎవరూ ఇవ్వలేదు. కొద్దిరోజులకే వదిన పోయింది.

చాలా ఏళ్లకు నాకే ఆయాసం వచ్చింది. ఇంకో డాక్టరు అదే గోళీ రాయబోతూ, ముందు ఎక్స్‌రే తీయించుకురమ్మన్నాడు. ఎందుకని అడిగితే ఓపికగా చెప్పాడు. టీబీ పురుగు చాలామంది ఒంట్లో ఉంటుందట. రక్తంలోని తెల్లకణాలు దాని చుట్టూ గోడ కట్టి, కదలకుండా కావలి కాస్తాయట. జ్వరం, వాపు ఆ కావలివాళ్లు పెట్టే కేకలు. ఒక్కోసారి వాళ్లే పొరబడి సొంత కీళ్లనే కొడతారు. ఈ గోళీ వాళ్లను నిద్రపుచ్చుతుంది, అందుకే నొప్పి పోతుంది. లోపల దొంగ ఉంటే మాత్రం వాడికి తలుపు తీసినట్టే. పైగా నెలల తరబడి మింగి ఒక్కసారిగా ఆపితే, ప్రాణం మీదికే రావచ్చు.

ఎక్స్‌రే కాగితం జేబులో పెట్టుకుని బస్సెక్కాను, తీయించుకోకుండానే. వదినకు జ్వరం రాకపోతే చప్పట్లు కొట్టినవాణ్ణి నేను.

అన్నకు చెప్పడానికి ఇంకా కొన్నేళ్లు పట్టింది. అన్న మళ్లీ పెళ్లి చేసుకోలేదు. నాలా ఒడ్డున ఉంచి భార్యను తానే చంపుకున్నానని కుమిలిపోతూ బతికాడు. ఒక పొద్దున, పాడుబడిన కొట్టంలో కూర్చుని ఉంటే అంతా చెప్పాను.

"బీకాంప్లెక్స్ అన్నవ్ గదరా."

"ఔ, అట్లనే చెప్పిన."

"గిన్నేండ్లు నేనే సంపిన అనుకుంట ఏడ్సిన. నువ్వు పక్కన కూసోని జూసినవ్."

తిట్టలేదు, కొట్టలేదు. ఆనాటి నుంచి నాతో మాట్లాడటం మానేశాడు.

ఈమధ్య నాలా నీళ్లు పరీక్ష కోసం సీసాల్లో పట్టుకుపోవడానికి మనుషులు వచ్చారు. అన్న వాళ్లను వెంటబెట్టుకుని మడి, కొట్టం చూపించాడు. నేను దూరంగా నిలబడ్డాను. "మీ ఇంట్ల ఒకరు చనిపోయిన్రట గదా?" అని వాళ్లలో ఒకతను అడిగాడు.

అన్న నా వైపు గడ్డం ఎత్తి చూపాడు.

"గా సంగతి ఈయనను అడుగు" అన్నాడు.

పుట్టి బుద్ధెరిగాక అన్న నన్ను ఈయన అనడం వినలేదు. అతను సీసాకు మూత బిగించి నా దగ్గరికి వచ్చాడు. అన్నకు వినబడేలా, గోళీ పేరుతో మొదలుపెట్టాను.